మూడు ఖాళీల దాకా మాఫ్

ఆపా పోయారన్న వార్త నాకు ఒక బూడిదరంగు డబ్బాలో వచ్చింది. అదీ సగమే. మిగతా సగం డబ్బా కుడి అంచు దాటి కనబడకుండా పోయింది.

గురువారం పొద్దున అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు బస్సులో వస్తున్నాను. కూర్చోవడానికి చోటు లేక ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో మా పాత ఆఫీసు వాళ్ళ పేజీ తెరిచాను. ఆఫీసు మూతపడినా దాని సైటు, అందులో ఆ పేజీ మాత్రం ఇంకా నడుస్తున్నాయి. ఎవరికి పిల్లలు పుట్టినా, ఎవరు ఉద్యోగం మారినా అందులోనే రాసుకుంటాం. ఆపా ఖాతాలోంచి కొత్త పోస్టు వచ్చింది. చిన్న తెర మీద ఒకే ఒక్క వరస: "దోస్తులారా, మీ ఆపాకు ఇప్పుడు ఏ బాధా లేదు."

ఆవిడ కొన్నాళ్ళుగా ఆసుపత్రిలో ఉన్నారని మా అందరికీ తెలుసు. ఆ వరస కింద పాత మిత్రులు అప్పుడే రాసేశారు. హమ్మయ్య అని ఒకరు, తొందరగా ఇంటికి రండి ఆపా అని ఒకరు, పార్టీ ఎప్పుడని ఇంకొకరు. నాకూ ప్రాణం కుదుటపడింది. ఆదివారం వెళ్ళి చూసొద్దామనుకుని ఫోను సంచిలో పడేశాను.

సాయంత్రం ఆఫీసు కంప్యూటర్లో అదే పేజీ మళ్ళీ తెరిచినప్పుడు, ఆ వాక్యం చుట్టూ బూడిదరంగు డబ్బా ఉందని కనబడింది. డబ్బా అడుగున సన్నటి పట్టీ ఉంది. ఆపా దగ్గర పనిచేసిన వాళ్ళకు ఆ పట్టీ అంటే ఏమిటో తెలుసు. దాన్ని పట్టుకుని కుడివైపుకు లాగాను. లాగుతూనే ఉన్నాను. తెల్లవారుజామున నిద్రలోనే అల్లా దగ్గరికి వెళ్ళిపోయిందని ఉంది. జోహర్ నమాజు తర్వాత ఇంటి నుంచి తీసుకుపోతామని, ఆఖరి చూపు చూసుకునేవాళ్ళు ఆలోపే రావాలని ఉంది. శనివారం పొద్దున జియారత్ అని, అంటే మూడో రోజు ప్రార్థన అని, చివర ఎక్కడో ఉంది. జోహర్ అంటే మధ్యాహ్నం. అప్పటికి పొద్దు వాలింది.

ఆ ఇల్లు నా ఆఫీసు నుంచి నడిచిపోయేంత దూరం. పొద్దున బస్సు దిగి కుడివైపు తిరిగితే సరిపోయేది, నేను ఎడమవైపు తిరిగాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఎవరి మీదా కాదని తెలిస్తే కోపం తగ్గుతుందంటారు, నాకు మాత్రం పెరిగింది. ఇంతా చేసింది ఆ వాక్యానికి ముందున్న కాసిని ఖాళీలు. జీవితమంతా జనం పేరాల ముందు నుంచి ఆ ఖాళీలు తీయించిన మనిషి చావు కబురు, చివరికి ఆ ఖాళీల్లోనే ఇరుక్కుపోయింది.

ఈ డబ్బా సంగతి తెలియని వాళ్ళకు కాస్త చెప్పాలి. పంజాగుట్టలో ఒక మేడ మీద రెండు గదుల్లో మా వెబ్‌సైట్ కంపెనీ ఉండేది. అమీర్‌పేటలో ప్రతి గోడ మీదా జావా, ఒరాకిల్, డాట్‌నెట్ అని పోస్టర్లు ఒకదానిమీద ఒకటి అంటించిన కాలం. అక్కడ కోర్సులు నేర్చుకునే పిల్లల కోసం పాఠాలు, ప్రోగ్రాములు, ఇంటర్వ్యూ ప్రశ్నలు మేం సైట్‌లో పెట్టేవాళ్ళం. రాసేది మామూలు అక్షరాల్లోనే. లావుగా కనబడాలంటే మాటకు అటూ ఇటూ స్టార్ గుర్తులు పెట్టాలి. శీర్షిక కావాలంటే ముందు హ్యాష్ గుర్తు పెట్టాలి. ప్రోగ్రాములోని ముక్కలకు అటూ ఇటూ, ట్యాబ్ మీట పైన ఉండే వాలు గీత పెట్టాలి. ముస్తాబు సంగతి సైటే చూసుకుంటుంది. పేరాకూ పేరాకూ మధ్య ఒక ఖాళీ లైను వదిలితే చాలు. కానీ వాక్యం ముందు నాలుగు ఖాళీలో అంతకన్నా ఎక్కువో కొడితే మాత్రం, అది మనిషి మాట కాదు, ప్రోగ్రామని సైటు అనుకుంటుంది. ప్రోగ్రామును మధ్యలో విరవకూడదు కాబట్టి బూడిదరంగు డబ్బాలో పెట్టి, ఎంత పొడుగున్నా ఒకే వరసగా సాగదీస్తుంది.

ఇప్పుడు నా గొడవ వినండి. మా తరంలో ఉద్యోగం కావాలనుకున్న ప్రతివాళ్ళూ టైపు లోయర్ పాసయినవాళ్ళే. ఒంగోలులో నేను నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో మొదట చెప్పిన పాఠం, పేరా మొదలుపెట్టే ముందు స్పేస్‌బార్ ఐదుసార్లు కొట్టాలని. మాస్టారు స్కేలు పట్టుకుని వెనక తిరిగేవారు, నాలుగు కొడితే స్కేలు చప్పుడు వినబడేది. ఆ ఐదు దెబ్బలూ వేళ్ళలోకి దిగిపోయాయి. కోర్సులు చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాక, మా కంపెనీలో పాఠాలు రాసే పనికి కుదిరాక, మొదటిరోజు నేను రాసిన పేజీ మొత్తం డబ్బాలే.

వెనక ఏదో నమిలిన చప్పుడయింది. తిరిగి చూస్తే ఆవిడ, అక్కడి రాతలన్నీ సరిచూసే మేడమ్. కళ్ళజోడు తల మీదికి ఎత్తిపెట్టి, చేతిలో సోంపు డబ్బీతో నిలబడి ఉన్నారు. ఏదైనా తప్పు చెప్పే ముందు ఆవిడ చిటికెడు సోంపు నోట్లో వేసుకునేవారు. చెవి పక్కన ఆ నమిలిన చప్పుడు వింటే ఆఫీసులో అందరికీ గుండె జారేది.

"బేటా, పేరా అంటే జాగా ముందర కాదు, మీద," అన్నారు.

నేను సారీ మేడమ్ గారూ అన్నాను. గారూ గీరూ వద్దని, ఆపా అంటే అక్క అని, ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారని చెప్పారు. ఆ తర్వాత నన్నే ఒక్కొక్క డబ్బా దగ్గరికీ పంపించి ఖాళీలు తీయించారు. తీస్తూ పోతుంటే, అన్నీ పోకముందే డబ్బా మాయమైంది. ఎందుకని అడిగితే నవ్వారు, ఆవిడ నవ్వు చూడటం అదే మొదటిసారి.

"మూడు దాకా మాఫ్. నాలుగోది కొట్టినవో, డబ్బలో పడ్తవ్."

ఆవిడకొక నియమం ఉండేది. ఇంకొకరి కీబోర్డు ముట్టుకునేవారు కాదు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దే వీలు సైట్‌లోనే లేకుండా చేయించారు. ఎవరు రాసింది వాళ్ళే దిద్దుకోవాలి, తను వెనక నిలబడి చెప్తారు, అంతే. తను చేస్తే ఒక నిమిషంలో అయిపోయే పనికి మాకు పావుగంట పట్టేది. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండేది. మీరే తీసేయొచ్చు కదా ఆపా అని ఒకసారి విసుక్కున్నాను. "నేను తీస్తే తప్పు పోతది, నువ్వు తీస్తే అలవాటు పోతది," అని సోంపు నములుతూ అక్కడే నిలబడ్డారు. నేను తీసేదాకా కదల్లేదు.

ఆవిడ సాధు మనిషి అని ఎవరైనా అంటే నమ్మకండి. విసుగు మనిషి. వాక్యం చివర రెండు ఆశ్చర్యార్థకాలుంటే, ఇంట్లో దొంగలు పడ్డారా అని అడిగేవారు. నా పెళ్ళికార్డు చూపిస్తే శుభాకాంక్షలు చెప్పే ముందు, చుట్టూ ఉన్న పూలతీగల్లో ముహూర్తం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చిందన్నారు. ఆరోజు మాట్లాడలేదు నేను. మర్నాడు పొద్దున నా బల్ల మీద, పేర్లు, ఊరు, ముహూర్తం మాత్రం ఉన్న కార్డు నమూనా పెట్టి ఉంది. చుట్టూ బోలెడు ఖాళీ. అచ్చు వేయించింది చివరికి అదే. అత్తగారి వైపు వాళ్ళు కార్డు బోడిగా ఉందన్నారు, కానీ ముహూర్తం ఎప్పుడని ఒక్కరూ ఫోను చేసి అడగలేదు.

బల్కంపేట బోనాల రోజు ఒకసారి ఇద్దరం ఆ జనంలో ఇరుక్కున్నాం. ఆటోలు ఆగిపోయాయి. నేను మధురానగర్ హాస్టల్‌కు పోవాలి, ఆలస్యమైతే గేటు వేసేస్తారు. ఆవిడేమో నా మణికట్టు పట్టుకుని లాక్కుపోతూ, హఠాత్తుగా ఒక ఫ్లెక్సీ ముందు ఆగిపోయారు. అంగుళం జాగా లేకుండా నాయకుల మొహాలు, పేర్లు, స్టార్లు. ఎవరు ఎవరికి స్వాగతం చెప్తున్నారో కనుక్కునేదాకా కదలనన్నారు. వెనక నుంచి జనం తోస్తున్నారు, ముందు నుంచి డప్పులు. నేను అరిచాను, ఆపా, పదండి అని. చివరికి తెలుసుకోలేకపోయారు. జర దమ్ తీసుకోనియ్యరు అని, జనాన్ని అన్నారో ఫ్లెక్సీని అన్నారో, దారంతా గొణుగుతూనే వచ్చారు.

ఆ గొణుగుడు ఉత్తిదే కాదని తెలిసిన సందర్భం ఒకటి చెప్తాను. సి భాష నేర్చుకునే పిల్లలకు మొదట్లో సాధారణ వడ్డీ కట్టే ప్రోగ్రామ్ ఉంటుంది. అసలు, కాలం, రేటు, మూడూ గుణించాలి. పి స్టార్ టి స్టార్ ఆర్ అని రాయాలి, అక్కడ గుణకారం గుర్తు స్టారే. మాలో ఒకతను ఆ సూత్రాన్ని వాలు గీతల మధ్య పెట్టకుండా ఉత్తగా రాసేశాడు. సైటు ఆ రెండు స్టార్లనూ తనకిచ్చిన ఆజ్ఞ అనుకుని మింగేసి, మధ్యనున్న టి అక్షరాన్ని పక్కకు వాల్చింది. మిగిలింది పి టి ఆర్. సి నేర్చుకునే వాళ్ళకు పి టి ఆర్ అంటే పాయింటర్ అనే ఒక భయంకరమైన పాఠానికి ముద్దుపేరు. వడ్డీ లెక్కలోకి పాయింటర్ ఎందుకొచ్చిందో అర్థం కాక, పిల్లలు దాన్ని అలాగే బట్టీ పట్టారు.

వారం తిరక్కుండా ఒక అమ్మాయి ప్రింటు తీసిన కాగితంతో మా మేడ ఎక్కి వచ్చింది. రాతపరీక్షలో అలాగే రాస్తే, ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఆ కాగితం చేతులు మార్చుకుని నవ్వారట. మీ సైటు నమ్ముకుని ఒచ్చిన ఛాన్స్ పోగొట్టుకున్న అని నిలబడే ఏడ్చింది. మా డైరెక్టరుగారు సాంకేతిక లోపం అని ఏదో మొదలుపెట్టారు. ఆపా ఆయన్ని ఆగమని, ఆ అమ్మాయిని తన కుర్చీలో కూర్చోబెట్టారు. "లోపం సైటుది కాదు బేటా, మాది. నీ స్టార్లు మేం తిన్నం," అన్నారు. సోంపు డబ్బీ ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. తర్వాత రాసినతని వెనక నిలబడి, ఆ రెండు వాలు గీతలూ అతనితోనే పెట్టించారు. అంతసేపూ నమలడానికి ఆవిడ నోట్లో సోంపు కూడా లేదు.

ఆ రోజు నుంచి నేను ఖాళీల గురించి వాదించలేదు. అయితే ఇంకో విషయంలో ఆవిడ మీద నా కోపం ఇప్పటికీ పోలేదు, పోయిన మనిషి కదా అని దాచను. కొన్నాళ్ళకు డైరెక్టరుగారికి రంగులు కావాలనిపించింది. పేజీ బోసిగా ఉందని, తెలుగు నినాదాన్ని పక్కకు వాల్చి స్టయిలుగా పెట్టమని అడిగారు. ఆపా ఒప్పుకోలేదు. "తెలుగు గుండ్రంగా కూసుంటది సార్, దాన్నెందుకు పడగొడ్తరు? మా ఉర్దూ పుట్టుకతోనే వాలి ఉంటది, దాన్ని సుత వాల్చే పని లేదు," అన్నారు. చెప్పింది నిజమే. వాల్చి చూస్తే వత్తులన్నీ పక్క అక్షరం కింద పడ్డాయి. కానీ డైరెక్టరుగారికి ఆ మాట నచ్చలేదు. నెల తిరిగేసరికి పైన వరసగా బటన్లున్న కొత్త సరంజామా తెప్పించారు. గుర్తులు నేర్చుకునే పని లేదన్నారు, ఆపా అవసరమూ అంతగా లేదన్నారు. ఆవిడ కుర్చీ కిటికీ దగ్గర నుంచి తీసి, ఉత్తరాలకు జవాబులు రాసే మూలకు మార్చారు.

ఆవిడ ఒక్క మాట అనలేదు. నాకు అదే కాలింది. మా పేరాల్లో ఒక్క ఖాళీ ఎక్కువైతే నిలబెట్టి పీకించిన మనిషి, తన కుర్చీ పీకేస్తుంటే సోంపు నములుతూ ఊరుకుంది. వెళ్ళి పోట్లాడాను. మీరు అడగకపోతే ఎవరడుగుతారు ఆపా అని గట్టిగానే అన్నాను. బటన్లు రానీ, బటన్లు పోనీ, రాసింది రాసినట్టు కూడా చదవరావాలె, అది చూసుకో, ఫికర్ చెయ్యకు, అన్నారు. ఆ బటన్లతో ఏమైందో ఆరు నెలల్లో తెలిసింది. వేరే చోటి నుంచి తెచ్చి అతికించిన ప్రతి పాఠంతోపాటు కనబడని చెత్త వచ్చిపడేది. ఒక పేరా నీలం, ఒక పేరా ఎరుపు, ఒక పేరా చీమంత, ఒకటి ఏనుగంత. చడీ చప్పుడూ లేకుండా మళ్ళీ పాత పద్ధతే తెచ్చారు. కుర్చీ మాత్రం కిటికీ దగ్గరికి తిరిగి రాలేదు, క్షమించమని ఎవరూ అనలేదు. ఆవిడ మూలలోంచే లేచి వచ్చి మా వెనక నిలబడేవారు. అదంతా తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటమంటాయి.

కొత్త సరంజామా వచ్చి పోయింది, ఆ తర్వాత కంపెనీ కూడా పోయింది. ఆపా నేర్పిన పద్ధతిలో రాసిన పేజీలే ఇవాళ్టికీ చదవడానికి వీలుగా మిగిలాయి. బటన్ల కాలంలో రాసినవి తెరిస్తే సగం పురుగుల్లాంటి పిచ్చి గుర్తులే.

ఇక దుల్హాభాయ్. ఆపాను అక్క అన్నాం కాబట్టి వాళ్ళాయన మాకు బావ, దుల్హాభాయ్. ఆయన అమీర్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మాస్టారు. ఆపా ఆయన దగ్గర టైపు నేర్చుకోవడానికి వెళ్ళి ఆయన్నే చేసుకున్నారు. కంప్యూటర్లు వచ్చాక మిషన్లు పాత ఇనుముకు పోయాయి, స్టూళ్ళు మాత్రం ఇంట్లో మిగిలాయి. భోజనానికి పిలిచినప్పుడు మేం కూర్చున్నది వాటి మీదే.

అంటే, ఐదు ఖాళీలు కొట్టమని అమీర్‌పేటకంతా నేర్పిన మనిషి ఒకే ఇంట్లో, వాటిని తీయించే మనిషితో కాపురం చేశాడన్నమాట. మేం ఏడిపించేవాళ్ళం. ఆయన ప్రతి శుక్రవారం ఆపా ఖాతాలోంచే మా పేజీలో రెండు మంచి మాటలు రాయడానికి కూర్చునేవారు. స్పేస్‌బార్ టకటకమని ఐదుసార్లు మోగేది. వంటింట్లోంచి ఆపా ఏం మనిషివయ్యా అంటూ వచ్చి, ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి, ఆ ఖాళీలు తీసేసి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేవారు. మూడు దాకా మాఫ్ అన్న మనిషే, అక్కడ మాత్రం ఐదూ తీసేవారు. నేను పట్టుకున్నాను ఒకసారి. ఇంకొకరి కీబోర్డు ముట్టుకోనన్నారు కదా ఆపా, ఇదేంటి మరి అని. "ఇది ఆఫీసు కాదు. ఈ కీబోర్డు నాదే," అన్నారు. దుల్హాభాయ్ అటు తిరిగి నవ్వుకున్నారు.

శుక్రవారం పొద్దున ఆ ఇంటికి వెళ్ళాను. గడప ముందు చెప్పులు, లోపల చుట్టాలు. ముందు గదిలో కంప్యూటర్ బల్ల దగ్గర దుల్హాభాయ్ ఒక్కరే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నేను దారంతా మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాను. జియారత్ రేపే. ఆఖరి చూపు ఎలాగూ పోయింది, కనీసం దీనికైనా అందరూ రావాలంటే ఆ పోస్టు ఇవాళే సరికావాలి. అది ఆపా ఖాతాలో ఉంది, ఆ నియమం పుణ్యమా అని ఇంకెవరూ దిద్దలేరు. కింద నేను ఒక మాట రాసినా ఆ హమ్మయ్యల మధ్య మునిగిపోతుంది. ఇదంతా మెల్లగా చెప్పాలనుకున్నాను. ఆయన నన్ను చూసి, నిన్న ఆఫీసువాళ్ళు ఒక్కరు సుత రాలేదు బేటీ, అన్నారు. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఆయనకు వాళ్ళందరి ఫోన్లూ తెలియవు, ఆపా ఏ ముచ్చటైనా ఆ పేజీలోనే చెప్పేది కాబట్టి తనూ అక్కడే చెప్పానన్నారు.

కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టాను. పేజీ తెరవమన్నాను. తెరిచారు. తన వాక్యం కింద ఉన్నవన్నీ చదివారు. హమ్మయ్య అన్నది చదివారు, తొందరగా ఇంటికి రండి అన్నది చదివారు. పార్టీ ఎప్పుడన్న దగ్గర ఆగిపోయారు.

"గిదేంది బేటీ? వీళ్ళు గిట్ల రాసిండ్రు?"

డబ్బా సంగతి చెప్పక తప్పలేదు. ఎవరికీ మొదటి వాక్యం దాటి కనబడలేదని, నాకూ కనబడలేదని, అందుకే రాలేదని చెప్పాను. నేను వంగి, మీరు లేవండి దుల్హాభాయ్, నేను తీసేస్తాను అన్నాను. ఆయన లేవలేదు.

"నాకు ఎర్క లేక కాదు బేటీ. కొట్టిన తర్వాత సుత చూసిన, ఐదు ఉన్నయని. ఆమె వచ్చి తీస్తదని చెయ్యి ఆగిపోయింది. జర సేపు అట్లనే కూసున్న. తర్వాత ఎవరో పిలిస్తే, పంపి లేచిన."

లోపలి గదిలో ఎవరో ఖురాన్ చదువుతున్నారు. బల్ల మీద సోంపు డబ్బీ మూత పెట్టకుండానే ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఎవరి మీద చూపించాలా అని మోసుకు తిరిగిన కోపం, నాలో ఎక్కడుందో నాకే కనబడలేదు.

ఆయన దిద్దే పెట్టె తెరిచి, వాక్యం మొదట్లో, దోస్తులారా అన్న మాట ముందు, కర్సర్ పెట్టారు. నేను ఆయన వెనక నిలబడి ఉన్నానని అప్పుడు గమనించాను. కావాలని నిలబడలేదు, ఆ గదిలో ఇంకెక్కడా చోటు లేదు. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాను. ఎవరు రాసింది వాళ్ళే దిద్దుకోవాలి.

ఒక ఖాళీ తీశారు. ఇంకొకటి తీశారు. పెట్టె కింద నమూనాలో డబ్బా మాయమైంది, ఆ పొడుగాటి వరస మడతలు పడి ఒక్కసారిగా పేజీలోకి వచ్చేసింది. మీ ఆపాకు ఇప్పుడు ఏ బాధా లేదు అన్న మాట, తెల్లవారుజామున అల్లా దగ్గరికి పోయిందన్న మాట, జోహర్, జియారత్, అన్నీ ఒకదాని కింద ఒకటి కళ్ళ ముందు నిలబడ్డాయి. ఆయన మీట మీద నుంచి వేలు తీసేశారు.

ఆపా దగ్గర నేర్చుకున్న నోరు ఊరుకోలేదు. ఇంకా మూడున్నాయి దుల్హాభాయ్, అన్నాను.

"మూడు దాకా మాఫ్ గదా బేటీ. అవి ఆమెకు ఉండనీ."

శనివారం జియారత్‌కు మా పాత ఆఫీసు దాదాపు అంతా వచ్చింది. హమ్మయ్య అన్నవాళ్ళు, పార్టీ అడిగినవాళ్ళు ఎవరి మాట వాళ్ళు తీసేసుకున్నారు. పోస్టు మాత్రం అక్కడే ఉంది, అందరికీ చక్కగా చదవడానికి వస్తుంది. దోస్తులారా అన్న మాటకు ముందు మూడు ఖాళీలు ఇప్పటికీ ఉన్నాయి. పేజీ చూసేవాళ్ళకు అవి కనబడవు. దిద్దడానికి తెరిచేవాళ్ళకే కనబడతాయి.